ఇసుకలో అక్షరాలు, సందెవేళ బడి

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో అన్ని జిల్లాల నుంచీ బడుల లెక్కలు అడిగాడు. దానికి జవాబు ఇది. మన అనంతపురం జిల్లా అప్పటికి ఏర్పడలేదు, అది 1882 నాటి మాట. గుత్తి, తాడిపత్రి, పెనుకొండ అన్నీ బళ్లారి కిందే ఉండేవి. 9,27,857 మంది జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. అంటే వెయ్యిమందిలో దాదాపు ఏడుగురికే బడి.

క్యాంప్‌బెల్ లెక్కలతో సరిపెట్టుకునే రకం కాదు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. అందుకే వీధిబడి లోపలికి తొంగి చూశాడు. పొద్దున ఆరింటికి బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా, వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా ఆలస్యాన్నిబట్టి పెరుగుతాయి. అక్షరాలు నేలమీద ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి కుదిరాక తాటాకూ గంటమూ, లేదంటే కడితం మీద బలపం. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెబుతారు. అయ్యవారు పై తరగతికి పాఠం చెబుతూనే బడి మొత్తాన్నీ ఒక కంట కనిపెడతారు. ఇంత తక్కువ ఖర్చుతో నడిచే పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందంటే తగినదేనని కలెక్టరు మెచ్చుకున్నాడు.

ఆ అనుకరణ వెనక ఒక క్రైస్తవ గురువు ఉన్నాడు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి చూసేవాడు. ఒక తమిళ వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలోనూ పెట్టమన్నాడు. ఉపాధ్యాయులకు అది రుచించలేదు. బెల్ వాళ్లతో వాదం పెట్టుకోకుండా జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి అక్షరాల తరగతి అప్పగించాడు. అది నడిచింది. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు, ఆ పద్ధతికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు స్థిరపడింది. అదే కాలంలో క్వేకరు శాఖకు చెందిన జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి పద్ధతినే నడిపాడు. కొన్నేళ్లకు మిషనరీలు దీన్ని ఓడ ఎక్కించి మళ్లీ మన దేశానికే తెచ్చారు. మన అరుగుమీది సరుకే సీమ ముద్ర వేయించుకుని వచ్చిందన్నమాట.

లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి చేరాడు. గుత్తి, అనంతపురం ఆ మిషన్‌కు చెప్పుకోదగ్గ కేంద్రాలు కావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఇసుక, పెద్దపిల్లలతో చెప్పించడం, వల్లె వేయించడం, బోధన పనిముట్లు చాలావరకు పాతవే. మారింది బడిలో కూర్చునే పిల్లలు. క్యాంప్‌బెల్ చూసిన అరుగుమీద మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. కడపవైపు మాలపల్లెల్లో 1850ల నుంచి జనం గుంపులుగా క్రైస్తవంలోకి రావడం మొదలైంది. ధాత కరువు, అంటే 1876-78 నాటి మహా కరువు, ఈ మెట్ట నేలను ఊడ్చేసిన తరవాత ఆ ఒరవడి ఇంకా పెరిగింది. పల్లెలో ఒక కొట్టం లేస్తుంది. పగలు అది బడి, పొద్దుగూకితే ప్రార్థన, ఆదివారం గుడి. మూడింటికీ మనిషి ఒక్కడే, పంతులు.

ఈ పంతులు బోధన గురించి పుస్తకాల్లో కనిపించేది తక్కువ. పెద్ద మిషనరీల జీవితచరిత్రలు అటకలకొద్దీ ఉన్నాయి, అదే ఊళ్లో చాలీచాలని జీతానికి ముప్పయ్యేళ్లు అక్షరాలు దిద్దించిన పంతులు పేరు చాలాచోట్ల రాతలో మిగల్లేదు. ఆయన చేసిన పనిలో అసలు మెళకువ వేళను మార్చడం. పల్లె పిల్లలు పగలు గొడ్ల వెంట, కలుపుల్లో ఉంటారు. వాళ్లకు పదింటికి గంట కొట్టి లాభం లేదు. కాబట్టి కూలినుంచి వచ్చి ఇంత సంగటి తిన్నాక బుడ్డిదీపం ముందు పలక పట్టేవారు. కొన్నిచోట్ల తండ్రీ కొడుకూ ఒకే చాపమీద. ఊరివాళ్లకు వచ్చిన ఉత్తరం చదవడం, అర్జీ రాసిపెట్టడం, షావుకారు వేలిముద్ర వేయమన్న కాగితంలో ఏముందో విప్పిచెప్పడం కూడా ఆయన పనే. చదువెందుకో పల్లెకు అర్థమైంది బైబిలుకంటే ముందు ఆ కాగితంతోనేమో.

ఈ పల్లె పంతులు పద్ధతిని తెలుగునాట ఒక వ్యవస్థగా నిలిపినవాడు డోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన లెక్క ప్రకారం పల్లెకు పంపేది పంతుల్నొక్కణ్ని కాదు, దంపతుల్ని. అందుకని పంతులు భార్యకూ శిక్షణ. ఆడపిల్లలు బడికి రావాలంటే తలుపు దగ్గర పిలిచే గొంతు ఆడగొంతై ఉండాలన్నది ఇవాళ మామూలు సంగతి. పల్లెబడులకు అప్పట్లో అది కొత్త ఎత్తు.

అక్షరం రాని సంఘానికి పాఠ్యపుస్తకం పాట. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు కీర్తనలు కట్టింది పాశ్చాత్య బాణీలకు కాదు, ఇక్కడి రాగాలకు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాటపైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. భజనలు, కోలాటాలు విని పెరిగిన చెవికి అవి పరాయివి కావు. ముందు పాట నోటికి వస్తుంది, తరవాత పుస్తకంలో అదే పాట మీద వేలు పెట్టి చదివిస్తారు. తెలిసిన మాటను కాగితంమీద గుర్తుపట్టడంతో చదవడం మొదలవుతుంది. మొదటి తరగతి పిల్లలకు అభినయ గేయాలతో చదువు మొదలుపెట్టే నేటి టీచర్లు వాడేదీ ఈ కిటుకే.

ఇక లోపం సంగతి. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసునని క్యాంప్‌బెల్ వీధిబడిని తప్పుపట్టాడు. మిషనరీలూ ఆ మాటే పట్టుకుని వీధిబడిని ఎగతాళి చేశారు. చేసి, తాము ప్రశ్నోత్తరి పెట్టారు. నిన్ను ఎవరు సృజించారు అంటే ఫలానా జవాబు, అక్షరం తప్పకుండా. పైగా 1860ల నుంచి మద్రాసు ప్రభుత్వం పరీక్ష ఫలితాన్నిబట్టి గ్రాంటు ఇవ్వసాగింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఎంతమంది పిల్లలు చదివి, రాసి, లెక్క చేస్తే అంత సొమ్ము. పంతులు జీతం పిల్లల వల్లెమీద వేలాడినప్పుడు అర్థం ఎవరికి కావాలి? ఇవాళ్టి బడుల ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి నవ్వుకునేవాళ్లు ఈ చరిత్రను కూడా ఒకసారి చూడాలి.

పట్నం బడుల దారి వేరు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో తెరిచిన బడికి పెద్ద కులాల పిల్లలే గురి. మొదట్లో దళితులకు ప్రవేశమే లేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి ఖాళీ అయింది. గురువు విశ్వాసం శిష్యుడి ఇంటిని చీలుస్తుందన్న భయం మిషన్ బడిని చాలాకాలం వెంటాడింది. ఆ భయం ఉత్తది కాదు.

అయితే ఆ గురువుల ప్రభావం వాళ్లు తలచిన దిక్కుకే పోలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో హిందూ ధర్మంమీద గురువులు చేసిన విమర్శ సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను గుచ్చింది. జవాబు వెతకడానికి ఆయన ఉపనిషత్తులు తెరిచాడు. వేదాంత నీతిశాస్త్రం మీద ఆయన రాసిన సిద్ధాంత వ్యాసాన్ని మెచ్చుకుని యోగ్యతాపత్రం ఇచ్చినవాడు అదే కాలేజీలోని క్రైస్తవ ఆచార్యుడు ఎ.జి. హాగ్. రాధాకృష్ణన్ తరవాత అనంతపురానికి కూడా వచ్చాడు. 1916లో ఇక్కడ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీలో, ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో, పాఠం చెప్పాడు. తనను ఒప్పుకోని శిష్యుణ్ని మెచ్చుకోగలగడం కూడా ఒక బోధనా విద్యే. మిషన్ చరిత్రలో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

గుర్రం జాషువా అనుభవం దీనికి ఎదురు. వినుకొండలో 1895లో పుట్టి, గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో ఏళ్లతరబడి పనిచేసిన ఆ ఉపాధ్యాయుడు పురాణాలు చదివి పద్యం రాస్తే హిందువులు కులం చూపి వెళ్లగొట్టారు, సంఘపెద్దలు పురాణం చూపి మొహం చిట్లించారు. విశ్వాసం పుస్తకాల అలమరకు తాళం వేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు అనంతపురం జిల్లాలో క్రైస్తవ టీచర్లు మిషన్ బడుల్లోనే లేరు. మండల పరిషత్, జిల్లా పరిషత్ బడుల్లోనూ పనిచేస్తున్నారు. అక్కడ విశ్వాసాన్ని నోటితో చెప్పడానికి వీల్లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం తేల్చింది. గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే సంస్థల్లో కూడా పిల్లల, చిన్నవాళ్లయితే వాళ్ల సంరక్షకుల, సమ్మతి లేకుండా ప్రార్థనలో కూర్చోబెట్టరాదు. న్యాయమైన గీత. దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, దీని గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కుటుంబాలు బీసీ-సి కిందికి వస్తాయి, రిజర్వేషను ఒక్క శాతం. బడి తెరిచిన అదే విశ్వాసం ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కాగితంమీద కత్తెర పడటానికి కారణమైంది.

నోరు కట్టేసినప్పుడు విశ్వాసం పనిలో ఎక్కడ కనిపించాలి? దీనికి క్రైస్తవ బోధనా సంప్రదాయంలో పాత జవాబులే ఉన్నాయి. పదిహేడో శతాబ్దం చివర ఫ్రాన్సులో పేదపిల్లలకు లాటిన్‌కు బదులు సొంత భాషలో చదువు మొదలుపెట్టిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ బడుల్లో అరగంటకోసారి గంట కొట్టేవారు. దేవుడు ఇక్కడే ఉన్నాడని ఒక్క క్షణం తలచుకుని మళ్లీ పనిలో పడాలి. ఆ బడుల్లో గురువు వీలైనంత తక్కువ మాట్లాడాలి, సైగలతో నడపాలి. 1950లో కేథలిక్ సంఘం ఆయన్ను ఉపాధ్యాయులందరి పాలక పునీతుడిగా ప్రకటించింది. కేథలిక్ గురువుల సభ అయిన జెసూట్ల దగ్గర ఉన్నది ఆత్మపరిశీలన. రోజు ముగిశాక జరిగినదాన్ని ఒక్కో ఘట్టంగా వెనక్కి తిప్పి చూసుకోవాలి. ఎక్కడ విసుక్కున్నాను, ఎవరి ప్రశ్న దాటేశాను? బీఈడీలో చెప్పే స్వీయ మూల్యాంకనానికి దీనితో దగ్గరి చుట్టరికం ఉంది.

అనంతపురంలో ఆ వెనుచూపు హాజరుపట్టీ దగ్గర మొదలుకావాలి. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే చోటు ఇది. చెనక్కాయ ఎండిందంటే అమ్మానాన్నలు బెంగుళూరు బస్సెక్కుతారు, సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు, లేదా వాళ్లతోపాటే పోతారు. నెల తరవాత వచ్చిన పిల్లను ‘ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చినావ్’ అని నిలబెట్టడం సులభం. పక్కన ఒక పెద్దపిల్లను కూర్చోబెట్టి, వదిలేసిన పాఠం వారంలో అందించడం కష్టం. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి రాసిన బడికీ, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభైతొమ్మిదింటిని వదిలి వెళ్లే కాపరి కథ విని పెరిగిన గురువుకూ ఇక్కడే తేడా రావాలి. వస్తుందా అంటే, గురువునుబట్టి.

1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ల దగ్గర తయారైన మనిషి. 1920లో బార్సిలోనాలో పుట్టాడు, 1944లో ఆ సభలో చేరాడు, 1952లో ఇండియా వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించాడు. పేదల్ని కూడగట్టడం అక్కడి పెద్దలకు నచ్చక 1968లో దేశం విడిచి పోవలసి వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు అనంతపురం ఎంచుకున్నాడు. మరుసటి ఏడు జెసూట్ సభను వదిలి అన్నె పెర్రీని పెళ్లాడాడు. వాళ్లు నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, చర్చి సంస్థ కాదు. అందులో అన్ని మతాలవాళ్లూ పనిచేస్తారు. కానీ ఎస్సీ కాలనీల్లో, తండాల్లో అది నడిపిన అనుబంధ బడులు చూస్తే మిషన్ పంతులు కొట్టం గుర్తుకు రాక మానదు. సర్కారు బడికి ముందు, తరవాత వేళల్లో తరగతి. చెప్పేది అదే ఊళ్లో కాస్త చదువుకున్న మనిషి. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు. పెద్దది చిన్నదానికి ఎక్కం చెబుతుంటే టీచరు ఇంకో మూల లెక్క దిద్దుతూ ఉండాలి, వేరే దారి లేదు. ఇంట్లో చదివి చెప్పేవాళ్లు లేని పిల్లకు హోంవర్కు అనేది శిక్ష. ఈ తరగతి ఆ శిక్షను తప్పించింది. ఇక్కడ ప్రార్థన పోయింది, వేళ మిగిలింది.

ఆర్డీటీ వినికిడి లేని పిల్లల కోసం కూడా బడులు పెట్టింది. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రంలో ఒకటి ఉంది. వల్లె, పాట, ప్రశ్నోత్తరి, ఈ సంప్రదాయం రెండు వందల ఏళ్లు నమ్ముకున్నవన్నీ చెవిమీద ఆధారపడినవే. అలాంటి తరగతిలో అవేవీ పనికిరావు. టీచరు బోర్డువైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు. వెలుతురు తన మొహంమీద పడేలా నిలబడాలి. పిల్లలందరికీ తన చేతులూ, ఒకరి చేతులు ఒకరికీ కనిపించేలా వాళ్లను అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టాలి. ఒక పిల్ల సైగ చేస్తుంటే మిగతావాళ్ల చూపు అటు తిరిగిందాకా ఆగి, అప్పుడే తన మాట మొదలుపెట్టాలి.