‘యజ్ఞం’, ‘బిలవెడ్’: శిశుహత్యపై విమర్శ ఇచ్చిన తీర్పులు

పీడిత సమాజాల జీవితాన్ని చిత్రించిన రచనలపై జరిగే వాదాలలో ఒక ప్రశ్న పదేపదే ఎదురవుతుంది. ఈ రచన ఆ సమాజానికి బలాన్నిస్తుందా, అపకీర్తి తెస్తుందా? అమెరికాలో నల్లజాతి సాహిత్యం ఈ ప్రశ్నను దాదాపు ఒక శతాబ్దంగా ఎదుర్కొంటున్నది. తెలుగులో ఇదే ప్రశ్నను తీవ్రంగా ఎదుర్కొన్న కథ శ్రీకాకుళం జిల్లా నేపథ్యంలో కాళీపట్నం రామారావు రాసిన ‘యజ్ఞం’. దీనికీ టోనీ మారిసన్ నవల ‘బిలవెడ్’(1987)కూ ప్రత్యక్ష సంబంధమేమీ లేదు. ‘యజ్ఞం’ దాదాపు రెండు దశాబ్దాలు ముందుది. అయినా రెండింటి కేంద్రంలోనూ ఒకే ఘటన ఉంది. తన బిడ్డ బానిస బతుకు బతకకూడదని కన్నవారే ఆ బిడ్డను చంపడం. రెండు రచనల మీదా వివాదం ఈ ఘటన చుట్టూనే రగిలింది. ఆ వివాదాలను పక్కపక్కన ఉంచి, విమర్శ ఎక్కడ చదవడం మాని తీర్పు చెప్పడం మొదలుపెట్టిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘యజ్ఞం’పై వాదాలు

1960ల మధ్యకాలానికి చెందిన ఈ కథకు రంగస్థలం సుందరపాలెం అనే ఊరు. స్వాతంత్ర్యానంతరం అభివృద్ధి బాట పట్టిన ఊరది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు గాంధేయవాది, నిజాయితీపరుడు. దళితుడైన అప్పల్రాముడు గోపన్నకు పడిన పాత బాకీ తగవు పంచాయతీకి వస్తుంది. కథలో అధికభాగం ఈ తగవు విచారణే. తాను ఎందుకు చితికిపోయాడో, ఊరి అభివృద్ధి ఎవరికి ఏమి మిగిల్చిందో అప్పల్రాముడు సుదీర్ఘంగా లెక్క చెబుతాడు. చివరికి పెద్దల మాటకు తలొగ్గుతాడు. ఉన్న భూమి పోతే తరువాతి తరానికి మిగిలేది కంబారితనమే, అంటే ఏడాది పొడుగునా రైతు ఇంట పాలేరుగా కట్టుబడి ఉండడమే. అది తెలిసిన కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను చంపుతాడు.

ఈ ముగింపుపై వచ్చిన అభ్యంతరాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. ఏ తండ్రీ ఇలా చేయడు కనుక ముగింపు అసహజమనేది మొదటిది. కత్తి ఎత్తినవాడు దానిని దోపిడీ మీద ఎత్తక సొంత బిడ్డ మీద ఎందుకు ఎత్తాడనేది రెండవది. 1967 తరువాత శ్రీకాకుళ గిరిజన పోరాటం విస్తరించిన నేపథ్యంలో చదివినవారికి ఈ రెండవ ప్రశ్న మరింత పదునుగా తోచింది. మూడవది దళితవాద దృష్టి పదునెక్కిన తరువాత బలపడిన ప్రశ్న. దళితేతరుడైన రచయిత అప్పల్రాముడి కథను అప్పు కథగా, వర్గం కథగా చెప్పి, కులాన్ని నేపథ్యానికి నెట్టాడా?

మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటి రెండూ సీతారాముడి చర్యను విచారిస్తాయి. మూడవది రచయిత చూపును విచారిస్తుంది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల ‘యజ్ఞం’ చర్చ చాలా సందర్భాలలో ముగింపు వద్దే ఆగిపోయింది.

నల్లజాతి సాహిత్యంలో ఇదే ప్రశ్న

రిచర్డ్ రైట్ నవల ‘నేటివ్ సన్’ 1940లో వెలువడింది. దాని కథానాయకుడు బిగ్గర్ థామస్ హంతకుడు. 1949లో జేమ్స్ బాల్డ్విన్ నిరసన నవలపై రాసిన వ్యాసంలో ఈ పాత్రను తీవ్రంగా తప్పుపట్టాడు. తనను మనిషి కాదన్న భావననే బిగ్గర్ అంగీకరించాడని, ఆ విధంగా నిరసన నవల తాను ఎదిరించదలచిన చట్రంలోనే చిక్కుకుందని అతని వాదన. తనను ఆదరించిన పెద్ద రచయితపై యువరచయిత చేసిన ఈ దాడి వారి స్నేహాన్ని దెబ్బతీసింది. ‘యజ్ఞం’పై వచ్చిన రెండవ అభ్యంతరానికి ఇది దగ్గర బంధువు. పీడితుని హింస విముక్తికి సంకేతమా, పీడన అతనిలో ఎంత లోతుకు దిగిందో చెప్పే సాక్ష్యమా అన్నదే రెండుచోట్లా చర్చ.

‘బిలవెడ్’పై వివాదం మరింత తీవ్రమైనది. నల్లజాతి విమర్శకుడైన స్టాన్లీ క్రౌచ్ 1987లో ఆ నవలను కటువుగా నిరాకరించాడు. బానిసత్వాన్ని బాధితత్వపు పోటీలోకి దింపిన అతినాటకీయ రచన అన్నది అతని ఆరోపణ సారం. 1988 జనవరిలో 48 మంది నల్లజాతి రచయితలు, విమర్శకులు మారిసన్‌కు దేశంలోని ప్రధాన పురస్కారాలు దక్కకపోవడాన్ని ప్రశ్నిస్తూ బహిరంగ ప్రకటన చేశారు. అదే ఏడాది నవలకు పులిట్జర్ పురస్కారం వచ్చింది. ఆ ప్రకటన ఒత్తిడి పనిచేసిందా అన్న కొత్త వాదం దానివెంటే పుట్టింది. గమనించదగినది ఏమిటంటే, ఇక్కడ తగవు తెల్లవారికీ నల్లవారికీ మధ్య మాత్రమే కాదు. ఒక సమాజానికి బలం ఏ రచన వల్ల వస్తుందన్న విషయంలో ఆ సమాజంలోనే ఏకాభిప్రాయం లేదు.

తీర్పరుల చిత్రణ

విమర్శకులు సీతారాముడినీ సెథ్‌నూ విచారించే ముందు గమనించవలసిన అంశం ఒకటుంది. రెండు రచనలూ విచారణను తమ లోపలే చిత్రించాయి.

మారిసన్ నవలకు మూలమైన మార్గరెట్ గార్నర్ ఉదంతం 1856 నాటిది. కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి వచ్చిన ఆమె, పట్టుబడే క్షణంలో కూతురిని చంపింది. పలాయిత బానిసల చట్టం కింద జరిగిన విచారణలో తేలవలసిన ప్రశ్న విచిత్రమైనది. ఆమెను హంతకురాలిగా విచారించాలా, ఆస్తిగా యజమానికి అప్పగించాలా? హత్యానేరం మోపడమంటే ఆమెను మనిషిగా గుర్తించడమే. చివరికి చట్టం ఆమెను ఆస్తిగానే లెక్కగట్టి వెనక్కు పంపింది. మారిసన్ ఈ న్యాయస్థానాన్ని నవల కేంద్రం నుంచి తప్పించి, తీర్పు భారాన్ని నల్లజాతి సమాజంపై ఉంచింది. యజమాని మనుషులు వస్తున్నారని ఇరుగుపొరుగు సెథ్‌ను హెచ్చరించరు. తరువాత ఏళ్ల తరబడి ఆమెను వెలివేస్తారు. ఆమె చర్య కంటే ముందు వారి మౌనం ఉంది.

సుందరపాలెం పంచాయతీ పనితీరు కూడా ఇటువంటిదే. రామారావు నాయుణ్ణి దుర్మార్గునిగా చిత్రించలేదు. గోపన్ననూ కర్కశుడైన వడ్డీవ్యాపారిగా చూపలేదు. సభలో ఎవరూ అబద్ధమాడనక్కరలేదు. తీసుకున్న అప్పు తీర్చడం ధర్మం అన్న ఒక్క సూత్రాన్ని అందరూ అంగీకరిస్తే చాలు, మిగిలినదంతా దానంతటదే జరిగిపోతుంది. బాకీ లెక్కకు వస్తుంది. బాకీ ఎలా పుట్టిందో ఆ లెక్కకు రాదు. పసిబిడ్డ భవిష్యత్తు అసలే రాదు. సీతారాముడి చర్య ఆ లెక్కలో చేరని అంకెను సభ ముందుకు తెస్తుంది. అందువల్ల దానిని పరిష్కారంగా గాని, పిలుపుగా గాని చదవడానికి కథ ఆధారమివ్వదు. అది తీర్పు ఖరీదును చూపుతుంది.

ఈ దృష్టితో చూస్తే ‘ఇతరులపై ఎందుకు తిరగబడలేదు’ అన్న విమర్శ, తనకు తెలియకుండానే పంచాయతీ అరుగు మీద కూర్చుంటుంది. పెద్దలు అప్పల్రాముడికి ధర్మం చెప్పినట్లే, విమర్శకుడు సీతారాముడికి కర్తవ్యం చెబుతాడు. చెప్పే ధర్మం మారింది, కూర్చునే చోటు మారలేదు. ఈ ప్రాంత చరిత్ర కూడా ఆ ప్రశ్నను అంత తేలికగా అడగనివ్వదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా, ఇప్పటి విజయనగరం జిల్లా, వంగర మండలం లక్షింపేటలో మడ్డువలస జలాశయ ముంపు భూముల సాగు వివాదంలో ఐదుగురు దళితులు హతులయ్యారు. కథలో కత్తి ఇంట్లోకి తిరిగింది. లక్షింపేటలో భూమి మీద హక్కు కోరినవారి మీదికి దాడి బయటి నుంచి వచ్చింది. నిలబడి హక్కు అడగడానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో తెలిసిన నేలమీద, ‘ఎందుకు అడగలేదు’ అన్న ప్రశ్నను పాత్ర వైపు కాక సమాజం వైపు తిప్పవలసి ఉంటుంది. దళితవాద విమర్శ ప్రశ్నకు బలం ఇక్కడే ఉంది. లక్షింపేట ఘటనలో భూమినీ కులాన్నీ విడదీయడం సాధ్యం కాదు. అప్పల్రాముడి బాకీని కేవలం బాకీగా చదివితే ఆ కథలోనూ సగమే అర్థమవుతుంది.

పోలికకు హద్దులు

ఈ సామ్యాన్ని మరీ దూరం లాగకూడదు. సెథ్ పారిపోయి వచ్చిన బానిసత్వం చట్టబద్ధమైనది. దానిని రద్దు చేయడానికి ఒక చట్టసవరణ ఉంది, దానికి ఒక తేదీ ఉంది. అప్పల్రాముడు రాజ్యాంగం కింద స్వేచ్ఛా పౌరుడు. అతనిని కట్టివేసినవి మాట, పరువు, ధర్మం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది గాని, రామారావు చూపిన బంధంలో చట్టానికి అందే ముడి ఎక్కడా కనబడదు. మంచివాళ్లంతా కలిసి, అందరి సమ్మతితో, సంకెల లేని బానిసను తయారు చేయగలరన్నది ‘యజ్ఞం’ ప్రత్యేకంగా చెప్పిన సంగతి.

రెండవ తేడా కథనానికి సంబంధించినది. మారిసన్ నవల హత్య జరిగిన 18 ఏళ్ల తరువాత మొదలవుతుంది. చనిపోయిన బిడ్డ తిరిగి వచ్చి తల్లిని లెక్క అడుగుతుంది. సెథ్ చర్య ప్రేమే అయినా అది బిడ్డకు ఏం చేసిందన్న ప్రశ్న నవలలో చల్లారదు. ఒకనాడు మౌనం వహించిన ఆడవాళ్లే చివరికి గుంపుగా ఆమె గడప ముందుకు వస్తారు. ‘యజ్ఞం’ మాత్రం హత్య దగ్గరే ఆగుతుంది. వాదమూ తీర్పూ ధిక్కారమూ ప్రధానంగా పురుషుల మధ్య నడుస్తాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వైపు నుంచి ఆ ఘటన ఎలా ఉంటుందో చెప్పే చోటు కథనం కల్పించలేదు. తెలుగు చర్చ మొత్తం ముగింపు చుట్టూ తిరగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. రచయిత ఆపిన చోట తరువాతి కథను విమర్శకులు తలా ఒక రకంగా పూరించారు. ఒకరు తిరుగుబాటును, ఒకరు నిరాశను, ఒకరు అసహజతను అందులో చూశారు. తల్లి దుఃఖాన్ని పూరించినవారు తక్కువ.

అయితే ‘యజ్ఞం’లో మరొక బలం ఉంది. అప్పల్రాముడు సభలో తన నుడికారంతో, తన లెక్కతో మాట్లాడతాడు. విజయనగరం నుంచి గురజాడ ‘కన్యాశుల్కం’ ద్వారా జనవ్యవహారానికి సాహిత్య గౌరవం తెచ్చాడు. ఆ వారసత్వం ఇక్కడ కొత్త పని చేసింది. ఊరి ఆర్థిక చరిత్రను ఊరి పెద్దల ఎదుటే తిరగరాసే అధికారాన్ని ఒక దళిత వృద్ధుని మాటకు ఇచ్చింది. అతడు తగవు ఓడిపోయాడు, పాఠకుని దృష్టిలో వాదన ఓడలేదు. కథ ఎవరికైనా బలాన్నిచ్చిందంటే ఆ బలం ఈ ప్రసంగంలో ఉంది. శిశుహత్య మీదనే చూపు నిలిపిన చర్చ దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

ముగింపు

తెలుగు పాఠకులకు నల్లజాతి చరిత్ర కొత్తది కాదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన ‘ఏడు తరాలు’ అనువాదం తరతరాల పాఠకులను సంపాదించుకుంది. 1972లో ముంబైలో పుట్టిన దళిత పాంథర్స్ ఉద్యమం పేరే అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి వచ్చింది. అయినా ఆ పరిచయం నుంచి ఎక్కువగా తీసుకున్నవి స్ఫూర్తి, నినాదం. అక్కడి రచయితలు తమలో తాము పడిన తగవుల నుంచి నేర్చుకోవలసింది ఇంకా మిగిలి ఉంది. బాల్డ్విన్ రైట్‌తో తలపడడం వల్ల నల్లజాతి సాహిత్యం బలహీనపడలేదు. క్రౌచ్ నిరాకరణ వల్ల ‘బిలవెడ్’ చిన్నబోలేదు. ఒక రచన తమ సమాజానికి మేలు చేసిందా అని అడిగే హక్కు ఆ సమాజానికి ఎప్పుడూ ఉంటుంది. ఆ ప్రశ్న పాత్రల నడవడికకు యోగ్యతాపత్రం ఇవ్వడంతో ఆగిపోయినప్పుడే విమర్శ వెనుకబడుతుంది.

‘యజ్ఞం’ను తిరిగి చదవవలసింది సీతారాముడు చేసినది ఒప్పా తప్పా అని తేల్చడానికి కాదు. అప్పల్రాముడు చెప్పిన లెక్కను సభ ఎందుకు వినలేకపోయిందో, ఆ లెక్కలో కులం పద్దు ఎక్కడ దాగిందో, బిడ్డ తల్లి మాట ఎందుకు నమోదు కాలేదో తెలుసుకోవడానికి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెదికే విమర్శ, సుందరపాలెం పంచాయతీ చేయలేని పనిని కొంతైనా చేయగలుగుతుంది.