కోరల్లేవని తేలాకే

అనువాదకులను పెద్ద మాటలకంటే సాదాగా కనిపించే మాటలే ఎక్కువ సతాయిస్తాయి. ఇంగ్లిష్ మాట 'ఇన్నాక్యువస్' అలాంటిదే. నిఘంటువు 'హాని చేయని' అంటుంది. నిజమే, కానీ పాలగ్లాసునో పూలకుండీనో ఎవరూ ఇన్నాక్యువస్ అనరు. హాని ఉంటుందేమోనన్న అనుమానానికి తావున్నచోటే ఈ మాట వస్తుంది: ఓ పాము, ఓ రసాయనం, ఓ వ్యాఖ్య. క్రికెట్ వ్యాఖ్యాత నోట వినబడితే, సాదాసీదా బంతికి మంచి బ్యాటర్ వికెట్ పారేసుకున్నాడనే తరచూ అర్థం.

దీని మూలం లాటిన్. 'నొకేరే' అంటే హాని చేయడం. ముందు చేరిన 'ఇన్' దాన్ని కాదంటుంది. ఇన్నోసెంట్, నాక్షస్, ఆబ్‌నాక్షస్, చివరికి న్యూసెన్స్ కూడా ఆ ధాతువు నుంచే వచ్చాయి. టీకాల 'ఇనాక్యులేట్' మాత్రం వీటికి చుట్టం కాదు. అందులో ఉన్నది 'ఆక్యులస్', అంటే కన్ను. ఒక మొక్క కంటిని మరో మొక్కకు అంటుకట్టడం దాని మొదటి అర్థం. అందుకే అక్కడ ఒక 'ఎన్', ఇక్కడ రెండు.

ఈ మాట వెనక ఎంత పని ఉంటుందో నాకు పాట్రిక్ రసెల్ గురించి చదివాక తెలిసింది. ఈ స్కాట్లండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి, ఏ పాముకు విషముందో, దేనికి లేదో విడదీయడానికి పూనుకున్నాడు. కోళ్లకు, కుక్కలకు కాటు వేయించి మరీ చూశాడు. కోరమాండల్ తీరపు పాములపై ఆయన పుస్తకం 1796లో వచ్చింది. అందులో మనవాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఇప్పుడు ఆయన పేరుతోనే ఇంగ్లిష్‌లో చలామణీ అవుతున్న రక్తపింజర అక్కడ 'కాటుక రేకుల పొడ'. ఆయన నమోదు చేసిన 'బంగారు పాము' నుంచే కట్లపాముల ప్రజాతికి 'బంగారస్' అనే శాస్త్రనామం వచ్చింది. ఆ కాలంలో ఒక పామును నిరపాయమని చెప్పడానికి అంత శ్రమా, అన్ని మూగప్రాణాలూ ఖర్చయ్యాయి.

అందుకని నేను ఈ మాటకు ఒకే తెలుగు పెట్టుకోను. పామైతే 'విషం లేనిది'. ప్రశ్నయితే 'ఎవర్నీ నొప్పించనిది'. ఫ్యాక్టరీ పొగ గురించిన ప్రకటనలో కనిపిస్తే మాత్రం ఆగుతాను. ఎవరు పరీక్షించారు, ఎంత మోతాదు దగ్గర చూశారు అని వెతుకుతాను. ఆ వివరం దొరక్కపోతే 'నిరపాయకరమైన పొగ' అని రాయను. అపాయం లేదని యాజమాన్యం చెబుతోందని రాస్తాను.