ఆద్యధ్వని బోధన: తెలుగు వాచకాల బొమ్మల వరుసపై ఒక విమర్శ

తెలుగు తొలి వాచకాల్లో ‘అ–అమ్మ, ఆ–ఆవు, ఇ–ఇల్లు’ అన్న వరుస తరతరాలుగా పెద్ద మార్పు లేకుండా కొనసాగుతున్నది. బొమ్మను చూసి పదాన్ని పలకడం, ఆ పదపు మొదటి ధ్వనిని గుర్తించడం, దానికి లిపిరూపాన్ని జతచేయడం ఈ పద్ధతి ఉద్దేశం. తొలి అక్షరాల వరకు ఉద్దేశానికీ ఉదాహరణకూ పొత్తు కుదురుతుంది. ‘ఋ–ఋషి’ దగ్గర చెదురుతుంది. పిల్లల చెవికి వినిపించేది ‘రుషి’. మొదటి ధ్వని ఏదని అడిగితే ‘రు’ అనే చెబుతారు. ఆ జవాబును తప్పుగా లెక్కించే మూల్యాంకనం వినికిడిని కాక లిపి జ్ఞాపకాన్ని కొలుస్తున్నది. ‘యెలుక’, ‘వొంటె’ అని పలికే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఎ, ఒల దగ్గరా ఇదే ఇబ్బంది. ‘ణ’కు వచ్చేసరికి పద్ధతే తలకిందులవుతుంది. ణకారంతో మొదలయ్యే వాడుకపదం లేదు గనుక ‘వీణ’ బొమ్మ వేస్తారు. అంతవరకు పదాదిని వినమన్న పుస్తకం ఇక్కడ చెప్పాపెట్టకుండా పదాంతాన్ని వినమంటుంది. ఙ, ఞల సంగతి చెప్పనక్కరలేదు.

ఇది వాచకకర్తల అజాగ్రత్త వల్ల వచ్చిన దోషం కాదు. వర్ణమాల క్రమమే పదాల ఎంపికను శాసించడం దీనికి మూలం. చిన్నయసూరి బాలవ్యాకరణం ఆరంభంలోనే సంస్కృతానికి 50 వర్ణాలు, తెనుగుకు 36 వర్ణాలు అని వేరుచేశాడు. ఆ 36లో ఋకారం లేదు. దంత్య చ, జలు ఉన్నాయి. వాచకాలు ఋకారాన్ని నిలుపుకొని దంత్యాలను విడిచిపెట్టాయి. ఫలితంగా ‘చక్రం’, ‘చలి’ ఒకే అక్షరం కిందికి చేరాయి. ఈ రెంటి ఆద్యధ్వనులు ఒకటి కావు. తేడాను పసిగట్టే చెవి ఉన్న పిల్లలే ఇక్కడ ఎక్కువ తికమకపడే అవకాశం ఉంది.

ఆంగ్ల ఫోనిక్స్ నమూనాను యథాతథంగా తెచ్చుకున్నా చిక్కు వీడదు. ‘బ్యాట్’ నుంచి ‘బ్’ను విడదీయడం ఆంగ్లంలో సార్థకం, ఆ ధ్వనికి అక్కడ విడి అక్షరం ఉంది. తెలుగు లిపిలో అచ్చుతో కూడిన అక్షరమే మూలాంశం. ‘కాకి’ మొదటి ధ్వని అడిగితే పిల్లలు ‘కా’ అంటారు. అది సరైన జవాబే. ఇదే తరహా లిపి గల కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా విడి వర్ణాల స్పృహ పిల్లల్లో నెమ్మదిగానే ఏర్పడుతుందని చూపింది. అయితే ‘కా’ గుణింతం పాఠానికి గాని రాదు. అందువల్ల ఇంటి ముందు రోజూ అరిచే కాకిని పక్కనపెట్టి వాచకం ‘కమలం’ వెతుక్కుంటుంది.

వినే పనిని లిపి పని నుంచి కొంతకాలం విడిగా నడపడం అసాధ్యమేమీ కాదు. పలకా పుస్తకమూ లేకుండా కాకి, కారం, కాలు అంటూ ఒకే ధ్వనితో మొదలయ్యే పదాలను నోటితో కూర్పించవచ్చు. ణ, ళలు పదం నడుమనో చివరనో వచ్చే అక్షరాలని వాచకం ముందే చెప్పవచ్చు. ఋకారాన్ని ‘ఋషి’, ‘ఋతువు’ వంటి పదాలు చదవవలసిన తరగతి వరకు వాయిదా వేయవచ్చు.