జెర్రిపోతు కూరా, తిన్నడి నైవేద్యమూ

ఊళ్ళో మా ఇంటికి ఒక పేరుంది. ‘పాములు తినేవోళ్ళిల్లు’. అది పెద్ద కులాలు పెట్టిన పేరైతే నేనింతగా కుమిలిపోయేవాణ్ణి కాదు. వాళ్ళకు మమ్మల్ని పిలవడానికి కులం పేరు చాలు, ఇంకో పేరు వెతుక్కోవాల్సిన పని లేదు. ఈ పేరు పెట్టింది మా అరుంధతివాడే. గొడ్డుకూర తినే మా వాడ, పాముకూర తినే మా తాతను చూసి ముక్కు మూసుకుంది. తెలుగు సాహిత్యానికి కూడా అట్లాంటి ముక్కే ఒకటుందని నా ఫిర్యాదు.

మాది శ్రీకాళహస్తికి తూర్పున, స్వర్ణముఖి పారితే వరి, పారకపోతే కరువు పండే ఊరు. తాత ఆసాముల గొడ్లకాడ జీతమున్నాడు. గొడ్డు చస్తే తోలు తీసేది ఆయనే. పాముల సంగతి మాత్రం ఆయనకు ఒక ఏనాది సావాసగాడు నేర్పాడు. కోతలయ్యాక ఆసామి గడ్డివాములో పాము దూరిందంటే చాలు, మనిషి పరిగెత్తుకుంటా వాడకొచ్చేవాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లోనే, మర్నాడు పాము కనబడితే మా తాత కావాలి. నాగుబామయితే పట్టుకుపోయి అడవి దిక్కున వదిలేవాడు. జెర్రిపోతయితే భుజాన వేసుకొచ్చేవాడు.

జెర్రిపోతుకు విషం లేదు. ఎలకల కోసం వరిమళ్ళలో తిరుగుతుంది, మనిషి నిలువు దాటి పెరుగుతుంది. తాత తలవైపు జానెడు, తోకవైపు జానెడు తెంచేవాడు. మెడకాడ చుట్టూ గాటు పెట్టి, చింతకొమ్మకు వేలాడదీసి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు తోలును కిందికి లాగేవాడు. ఒక్క చిరుగుండేది కాదు. గొడ్డుతోలు తీసిన చేతులకు అదొక లెక్కా? పేగులు తీసి, ఉప్పూ పసుపూ పట్టించి, మూడు నీళ్ళు కడిగి, బెత్తెడు ముక్కలు కోసేది అవ్వ. ఇంట్లో పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. పెరట్లో మూడు రాళ్ళు, వాటి మీద ఒక పాత కుండ. మొదట పసుపునీళ్ళలో ఉడకేసి ఆ నీళ్ళు పారబోసేది. ఆపైన ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఎండుమిరపకాయలు నూరి, చింతపండు పిసికి పులుసు పెట్టేది. ముక్క రుచి చేపకీ కోడికీ మధ్యలో ఉంటుంది. పక్కటెముకలు సూదుల్లాగ సన్నం, గొంతులో అడ్డం పడతాయి. అందుకని తినేటప్పుడు మాట్లాడకూడదనేవాడు తాత. సంగటి ముద్ద, ఆ పులుసు, నోరెత్తకుండా తింటున్న ముగ్గురం. చాలా బాగుండింది. ఈ ‘బాగుండింది’ అనే మాట రాయడానికి నాకు దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

నేను ఐదో తరగతికొచ్చాక నాయన తాతతో తగువు పెట్టుకున్నాడు. ‘సదువుకునే పిల్లోడు. బళ్ళో ఎవురన్నా వాసన పట్టారంటే?’ అన్నాడు. తాత మారు మాట్లాడలేదు. ఆ కుండ తీసుకుపోయి వాగులో బోర్లించి వచ్చాడు.

డిగ్రీలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం పాఠం. మా కొండ, మా ఏరు, మా అడవి పుస్తకంలో కనబడేసరికి నా గుండె ఉబ్బింది. బోయ తిన్నడు వేటాడతాడు. పందిమాంసం కాలుస్తాడు. ముక్క ఉడికిందో లేదో, రుచిగా ఉందో లేదో కొరికి చూసి మరీ లింగానికి పెడతాడు. పుక్కిట నీళ్ళు తెచ్చి స్నానం చేయిస్తాడు. పాఠం చెప్పే సారు కళ్ళనీళ్ళు పెట్టుకుని ‘ఇదీ భక్తి పరాకాష్ఠ’ అన్నాడు. ఆ సారు కేరేజీ విప్పేటప్పుడు మా బెంచీ వైపు ఎందుకు రాడో మాకందరికీ తెలుసు.

ఆ రోజు నాకు తోచనిది, బడిపంతులునయ్యాక అదే కథ పిల్లలకు చెబుతుంటే తోచింది. తిన్నడి మాంసం మొదట పవిత్రం కాదు. పూజారి వచ్చి చూసి అపచారమని గోలపెడతాడు, ఎముకలు ఊడ్చి గుడి కడుక్కుంటాడు. ఎప్పుడు పవిత్రమైంది? తిన్నడు అంబుతో తన కన్ను పెకలించి ఇచ్చాక. రెండో కన్ను కూడా ఇవ్వబోయాక. ఎంగిలి మాంసాన్ని నైవేద్యంగా ఒప్పుకోవడానికి ఈ సంప్రదాయం అడిగిన ధర అది. ధూర్జటి గొప్ప కవి, కాదనను. ఆ వేట, ఆ అడవి అట్లా రాయడం ఆయనకే చెల్లింది. కానీ ఆ కథను పాఠంగా చెప్పే మనం మాంసాన్ని దాటేసి కంటికాడికి ఉరుకుతాం. 1976లో బాపు తీసిన ‘భక్త కన్నప్ప’ సినిమాకు జనం చెంపలేసుకున్నారు, 2025లో మళ్ళీ ఇంకో ‘కన్నప్ప’ వచ్చింది. తెర మీద దేవుడికి అడవిమాంసం పెడితే చేతులు జోడిస్తారు, పక్కింట్లో వండితే కిటికీ మూస్తారు. మా తాతకు చచ్చేదాకా రెండు కళ్ళూ ఉన్నాయి. అందుకే కాబోలు ఆయన వండింది నైవేద్యం కాలేదు.

భారతం ఎత్తుకోండి. జనమేజయుడు లోకంలోని పాములన్నిటినీ మంత్రాలు చదివి మంటల్లోకి ఈడిపిస్తే దాని పేరు యాగం. మా తాత ఒక్క పామును మంట మీద పెడితే నీచం. ఖాండవ దహనం సంగతి ఇంకా బాగుంటుంది. యాగాల్లో పోసిన నెయ్యి తాగీ తాగీ అగ్నిదేవుడికి అజీర్తి చేసింది. దానికి మందుగా ఒక అడవికి అడవి, అందులోని పాములూ పక్షులూ మృగాలూ సహా, కృష్ణార్జునులు కాపలా కాసి తినిపించారు. నెయ్యి ఎక్కువైన కడుపుకు అడవి మందయింది. సంగటి చాలని కడుపుకు జెర్రిపోతు పాపమైంది. స్వరోచి వేట రాసిన పెద్దన్నను ప్రబంధ వర్ణనకు మొనగాడంటాం. రాజు వేటలో అడవంతా ఉంటుంది, అరుపులుంటాయి, కుక్కల పేర్లుంటాయి. చచ్చిన జంతువును ఎవరు మోశారు, ఎవరు కోశారు, నెత్తురు చేతులెవరు కడుక్కున్నారు? అవి మా చేతులే గనక పద్యంలోకి రాలేదు.

తోలు మాత్రం పైకి పోతుంది. తాత వయసులో ఉన్నప్పుడు జెర్రిపోతు తోళ్ళు కొనడానికి మద్రాసు వ్యాపారుల మనుషులొచ్చేవాళ్ళట. ఆ తోలు దొరసానుల సంచి అయింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చి, ఆ దశాబ్దంలోనే ఆ వ్యాపారం ఆగింది. ఉడుము కథా అంతే. ఉడుము దొరికితే తోక మెడకు చుట్టి కట్టేసి ప్రాణంతో తెచ్చేవాళ్ళు. దాని కూర వాడకు, కొవ్వు కీళ్ళనొప్పులకు. తోలో? కచేరీలో కంజీరకు మూసేది ఉడుము తోలే. పనసచెక్క చట్రానికి ఆ తోలు బిగించి, కాస్త తడి చేసి వాయిస్తే సభ తలలూపుతుంది. మాంసం తిన్నవాడు మాత్రం ఆ సభ గుమ్మం బయట. మా డప్పుకూ దూడతోలే గదా, మరి అది సభలోకి రావడానికి ఎందుకన్నేళ్ళు పట్టిందని అడిగితే, విమర్శలోకి కులం తేవద్దంటారు.

ఆధునికులు మేలు చేశారా? 1922లో ఉన్నవ ‘మాలపల్లి’ రాశారు. ఆ నవల లేకపోతే తెలుగు నవలకు మా గడపే తెలియదు, ఆ రుణం ఉంది. కానీ రామదాసు భక్తుడూ జ్ఞానీ అయ్యాకే పాఠకుడు అతని గుమ్మం తొక్కాడు. జాషువా 1941లో గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడికి దూతగా పంపాడు. హంసలూ మేఘాలూ మోసిన దౌత్యాన్ని అపశకునపు పక్షికి అప్పజెప్పడం ఎంత తిరుగుబాటో క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. (మా మేనమామకు మాత్రం గబ్బిలమంటే ఉబ్బసానికి మందుకూర. ఈ మాట ఏ సాహిత్య సభలోనూ చెప్పలేకపోయాను.) ఇక అభ్యుదయ కథకులు. ఎలకను కాల్చుకు తినే మనిషి వాళ్ళకు ఆకలికి గుర్తు. పాఠకుడు అయ్యో అనాలి, అంతే. ఆ ఎలకను ఎట్లా పట్టారు, ఎంత తెలివి కావాలి, తినేటప్పుడు పిల్లలు ఎందుకు నవ్వారు అనేది వాళ్ళ కథకు పనికిరాదు. మా చిత్తూరు జిల్లా మనిషి కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన పంది కోసం అడవిలో పడ్డ ముసలివాణ్ణి చూపించాడు. ఆ ముసలివాడి మీద జాలిపడమని మనల్ని అడగడు. అతనికి తెలిసిన విద్య మనకు తెలియదని ఒప్పిస్తాడు. అట్లాంటి పుస్తకాలు ఇంకా రావాల్సింది.

ఆకలి లేదని నేనను. కరువులో తిన్నదే ఎక్కువ. కానీ కడుపు నిండిన సంక్రాంతికి కూడా తాత ఉడుము కోసం పోయేవాడు. ఆ సంగతి ఏ కథలో పెట్టాలి?

ఇప్పుడు మనలో మన మాట. 2012లో ఉస్మానియాలో బీఫ్ పండగ జరిగింది. నేనప్పుడు బి.ఇడి. చదువుతున్నా. పత్రికలో ఫొటో చూసి హాస్టల్లో కేకలు పెట్టాం. గొడ్డుకూర మన జెండా అయింది, కావలసిందే. కానీ ఆ రాత్రి ఒక సావాసగాడు ‘మనమేమన్నా ఎలకలూ పాములూ తింటున్నామా, దాచుకోడానికి!’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దళిత సాహిత్యం తినుబండారాల్లో కూడా ఒక నిచ్చెన కట్టుకుందని నాకు ఆ నవ్వుతో తెలిసింది. గొడ్డుకూర మీద కవితలొచ్చాయి, చర్చలొచ్చాయి. ఎలక, పాము, ఉడుము, తాబేలు, పందికొక్కు ఏనాదోళ్ళ మీదికి, ఎరుకలోళ్ళ మీదికి తోసేసి మనం తప్పుకున్నాం. మరాఠీలో షాహు పటోలే 2015లో తమ వంటల మీద ఏకంగా పుస్తకమే రాశాడు, ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ అని. ఉన్నది ఉన్నట్టు, వండే తీరుతో సహా. మనం వండే తీరు రాయలేదు, నినాదాలు రాశాం. అందులో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం మొదటి ప్రతిలో ‘మా తాత వేటాడేవాడు’ అని రాసి, ఏమి వేటాడేవాడో రాయలేదు.

2020 ఫిబ్రవరిలో, ఇంకా బడులు మూతపడక ముందు, స్టాఫ్ రూములో కరోనా మాట వచ్చింది. ‘పాములూ గబ్బిలాలూ తినే అనాగరికుల వల్ల లోకానికి ముప్పు’ అని ఒక పెద్దాయన అన్నాడు. మంచి మనిషే, నాకు చేబదులిస్తాడు. నేను టీ తాగుతూ తలూపాను. పాము నుంచి ఆ రోగం రాలేదని తర్వాత అందరికీ తెలిసింది. నా తల ఊగిందన్నది మాత్రం నాకొక్కడికే తెలుసు.

నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. వేటకు పొండని నేను ఎవరికీ చెప్పడం లేదు. జెర్రిపోతును ఈరోజు చట్టం కాపాడుతోంది, ఉడుమును పట్టినా చంపినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఉడుములు మిగలాలి, ఆ చట్టం ఉండాలి. మాకు ఆ కూర వదిలి చాలా ఏళ్ళయింది. వదిలేసిన దాన్ని రాయడానికి కూడా సిగ్గెందుకన్నదే నా గొడవ. పొలం ఎలకకైతే ఆ సమస్య కూడా లేదు, 2022లో సవరించేదాకా 1972 చట్టమే దాన్ని పీడజంతువుల్లో ఉంచింది. అయినా అది రాతలోకి రాదు.

పోయినేడు ఎనిమిదో తరగతికి ‘నాకిష్టమైన వంట’ అని వ్యాసం ఇచ్చాను. చివరి బెంచీలో కూర్చునే ఏనాది పిల్లవాడు పప్పన్నం గురించి అర పేజీ రాశాడు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. పదికి తొమ్మిది వేశాను. వేసి, వాడి చేతులు చూశాను. గోళ్ళ సందుల్లో మట్టి. అవి కలుగులు తవ్వే చేతులని మా తాత సావాసగాడి చేతులు చూసిన నాకు తెలియదా? అబద్ధానికి తొమ్మిది మార్కులు వేసి పంపాను.

రెండు రోజులు ఆగి సాయంత్రం పిలిచాను. ‘మా తాత జెర్రిపోతు తినేవాడురా, నేనూ తిన్నా’ అన్నాను. వాడు నన్ను నమ్మలేదు. ఎట్లా వండుతారో చెప్పమన్నాడు. పరీక్ష పెట్టాడు. చెప్పాను. పసుపునీళ్ళు పారబోయడం కాడికి వచ్చేసరికి వాడి మొహం మారింది. ఎలకలు పట్టడం కూడా తెలుసన్నాను. కుండకు అడుగున బెజ్జం పెట్టి, లోపల గడ్డి వేసి నిప్పంటించి, మూతి కలుగుకు బోర్లించి, బెజ్జంలోంచి ఊదితే పొగ లోపలికి పోతుందని చెప్పాను.

‘గడ్డి ఒక్కటే ఏస్తే పొగ నిలబడదు సార్’ అన్నాడు వాడు. ‘మంటయిపోద్ది. పైన పచ్చాకు ఎయ్యాల. యాప రొట్ట అయితే ఇంకా బాగ. ముందర రెండో బొక్క యాడుందో ఎతికి మట్టితో మూసెయ్యాల. అది మూయకుండా ఎంత ఊదినా ఎలక పొయ్యేదే.’

ఆ రెండో బొక్క సంగతి నాకు తెలియదు. వాడి నోటుపుస్తకం వాడికే ఇచ్చి రాయమన్నాను. ‘ఇది కూడా వ్యాసమేనా సార్?’ అని అడిగి, తలుపు వైపు ఒకసారి చూసి, కూర్చున్నాడు.