పూత చెప్పేది రేపటి వాన కాదు

వజ్రకరూరు పేరు పేపర్లకెక్కేది ఎక్కువగా తొలకరిలో. మొదటి వాన పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. అందరూ నేలచూపులు చూసే ఆ రోజులకు మూడు నెలల ముందే ఇక్కడ తల పైకెత్తి చూడాల్సిన కాలం ఒకటి వచ్చి వెళ్లిపోతుంది. మాఘం ముగిసేసరికి శనగ కోత అయిపోయి నల్లరేగడి బీటలు వారుతుంది. వేప పండుటాకు రాలుస్తుంది. చలి శివశివా అంటూ శివరాత్రికి సెలవు తీసుకుంటుంది. ఆపైన కొద్ది వారాల్లోనే ఒక్క చినుకూ లేకుండా వేపకు రాగిరంగు చిగురు, చింతకు లేత ఇగురు, కానుగకు కొత్తాకు వస్తాయి. ఈ గుర్తులను మనం చూస్తే అందం కోసం చూస్తాం, లేదా రాబోయే వానకు జోస్యంగా చూస్తాం. నిజానికి అవి గడిచిన ఏడాది లెక్క. లెక్క అన్నాక రాసి పెట్టుకోవాలి; ఆ పని మాత్రం మనం చేయడం లేదు.

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. నల్లరేగడిలో శనగ పండేది ఆ వానలు నేలలో మిగిల్చిన తేమ మీదే. శనగ వేరుకు అందని లోతులో మిగిలిన నీరు చెట్టుది. ఎండాకాలం ముంగిట, వానకు ఎంతో ముందే చిగురు వేయడం ఒక్క మన చెట్ల వింత కాదు. కోస్టారికా ఎండు అడవుల్లో పరిశోధించిన రోల్ఫ్ బోర్చెర్ట్, చెట్టు ఎప్పుడు ఆకు రాల్చాలో ఎప్పుడు పూయాలో నిర్ణయించడంలో నేలలోనూ కాండంలోనూ దాచుకున్న నీటి పాత్ర ఎంత పెద్దదో 1994లో చూపించాడు. ఆకు రాలితే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, కాండం మళ్లీ నీరు నింపుకుంటుంది, అప్పుడు మొగ్గ విచ్చుకుంటుంది. వాన లేకున్నా, పగటి నిడివి పెరగడమే చాలా జాతులకు చిగురు వేసే సంకేతమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. థాయిలాండ్, భారతదేశపు అడవుల్లోనూ వేసవి చిగురును గమనించారు. మన అక్షాంశంలో అతి చిన్న పగటికీ అతి పెద్ద పగటికీ తేడా రెండు గంటలు కూడా ఉండదు. చెట్టు ఆ కాస్త తేడానూ పట్టుకుంటుంది. కాబట్టి చెట్టు దగ్గర రాసుకోవాల్సినవి రెండు: చిగురు ఏ తేదీన వచ్చింది, ఎంత చిక్కగా వచ్చింది.

వేప విరగపూస్తే వాన బాగా పడుతుందని పెద్దలు అనేవారు కదా, అది వట్టిదేనా అని అడగవచ్చు. నైరుతి వానల బలం సముద్రాల వేడిమి మీద, గాలుల నడక మీద ఆధారపడుతుంది. పసిఫిక్‌లో ఎల్‌నినో తలెత్తితే ఇక్కడ వేరుశనగ రైతుకు గుబులు. మార్చిలో పూసిన వేపకు జూన్ సంగతి తెలిసే దారి లేదు. దానికి తెలిసింది నిరుటి అక్టోబరు. పూత పలచబడితే కారణాలు వెనకే ఉంటాయి: తగ్గిన వాన, నిరుటి కాపు, తెగులు. పెద్దల చూపులో లోపం లేదు. ఏటా అదే చెట్టును అంత శ్రద్ధగా చూసే అలవాటు వాళ్లకుంది. ఆ చూపు నుంచి తీసిన ముగింపును మాత్రమే సరిదిద్దుకోవాలి.

ఉగాది ఉండగా వేరే తేదీ ఎందుకని ఇంకొందరు అంటారు. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. మధ్యలో అధిక శ్రావణం రావడమే ఆ తేడాకు కారణం. పండుగ ముందుకొచ్చిన ఏడు పచ్చట్లోకి వేపపువ్వు కరువై, ‘ఈసారి వేప ఆలస్యంగా పూసింది’ అనుకుంటాం. జరిగింది పండుగ ముందుకు రావడమే కావచ్చు. సూర్యుణ్ణి అనుసరించే చెట్టును చాంద్రమాన తిథితో కొలిస్తే ఈ తికమక తప్పదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. అందుకే 2021 మార్చి 26న పూత నిండుకు వచ్చినప్పుడు, పన్నెండు వందల ఏళ్లలో ఇంత ముందుగా ఎన్నడూ రాలేదని అక్కడివాళ్లు చెప్పగలిగారు. 2023 ఫిబ్రవరిలో మన దేశపు సగటు పగటి ఉష్ణోగ్రత 1901 నుంచి ఉన్న ఫిబ్రవరి లెక్కలన్నిటినీ దాటింది. ఆ ఏడు వజ్రకరూరు వేప ముందే పూసిందా అంటే చూపడానికి ఊళ్లో కాగితం ముక్క లేదు.

పక్కపక్కన ఉన్న రెండు వేపలే ఒకేసారి పూయవు, ఇక ఊరి లెక్క ఎలా కుదురుతుందన్నది గట్టి అభ్యంతరమే. జవాబు కూడా అందులోనే ఉంది: ఏటా అదే చెట్టును చూడాలి, ఒకటి కాకుండా కొన్నిటిని చూడాలి. సీజన్‌వాచ్ పేరుతో దేశంలో చాలా బడుల పిల్లలు వారం వారం చేస్తున్నది ఇదే. ఉపగ్రహాలు ఉన్నాయిగా అంటే, అవి పొలాల పచ్చదనాన్ని చూస్తాయి, గట్టు మీది వేపపూతను కాదు. లెక్క రాస్తే రైతుకేం ఒరుగుతుందన్నది చివరి ప్రశ్న. పూత తేదీ తెలిస్తే వేపపండు ఎప్పుడు రాలుతుందో, కషాయానికి గింజ ఎప్పుడు ఏరుకోవాలో అంచనాకు వస్తుంది. 2021లో తెలంగాణలో వేపకొమ్మలు ఎండిపోతుంటే అది తెగులా, మామూలు ఆకురాలుడా అని జనం తర్జనభర్జన పడ్డారు. పాత లెక్క ఉన్న ఊరికి అలాంటి అనుమానం తొందరగా తీరుతుంది.

దీనికి నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. బడి ఆవరణలో ఒక వేప, చెరువుకట్ట మీద ఒక చింత, చేనిగట్టున ఒక కానుగ ఎంచుకుని, మొదటి చిగురు, మొదటి పూత తేదీలను ఇంగ్లిషు నెలల్లో ఒక నోటు పుస్తకంలో రాస్తే చాలు. ఒక్క ఏడాది లెక్కతో ఏదీ తేలదు, పదేళ్లకు తేలుతుంది. అందుకే వచ్చే మాఘంలోనే మొదలుపెట్టండి.