ఆన్‌లైన్ క్రీడాకథలో మరుగుజ్జు శిల్పి: నరసాపురం లేసు అల్లికల నేపథ్యంలో ఒక పరిశీలన

నాయకుడి చేతిలోని ఖడ్గాన్ని ఎవరు చేశారన్న ప్రశ్న వీరకథకు సాధారణంగా అవసరం పడదు. ఖడ్గం ఉంటుంది, దానికి మహిమ ఉంటుంది, కొన్నిసార్లు పేరు కూడా ఉంటుంది. కొలిమి దగ్గర కూర్చున్నవాడు మాత్రం కథ మొదలయ్యేలోపే వెళ్ళిపోతాడు. అలా వెళ్ళిపోయినవాడినే ముఖ్యపాత్రగా స్వీకరించి నెలల తరబడి అతడిగా బతికే వీలు కల్పించిన కథనరూపం ఒకటి ఈ పాతికేళ్ళలో బలపడింది. వేలమంది ఒకేసారి పాల్గొనే ఆన్‌లైన్ పాత్రధారణ క్రీడ అది. దక్షిణ కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2003లో విడుదల చేసిన ‘లీనియేజ్ 2’లోని మరుగుజ్జు శిల్పి పాత్రను ఈ వ్యాసం కథనదృష్టితో పరిశీలిస్తుంది. ఆ పరిశీలనకు గీటురాయిగా నరసాపురం లేసు అల్లికలను తీసుకొంటుంది. ఈ రెంటినీ ఒకచోట చేర్చడం విడ్డూరంగా తోచవచ్చు. చేసే పనికి కథ ఎక్కడ దొరుకుతుంది, చేసినవారికి ఆ కథలో చోటు ఎంత అన్న ప్రశ్న రెండుచోట్లా ఎదురవుతుంది కనుకనే ఈ పొత్తు.

మన అలంకారశాస్త్రం నాయకుడికి సహాయకులను నిర్దేశించింది. విద్యానాథుడి ప్రతాపరుద్రీయంలో పీఠమర్దుడు, విటుడు, చేటుడు, విదూషకుడు కనిపిస్తారు. ఆయుధం చేసి ఇచ్చేవాడికి అక్కడ చోటు లేదు. అది శృంగార నాయకుడి పరివారం కదా అని ఆక్షేపించవచ్చు. వీరకథలోనూ పరిస్థితి మెరుగ్గా లేదు. సభాపర్వంలో మయుడు పాండవులకు అపూర్వమైన సభ నిర్మించి ఇస్తాడు. భారతకథను మలుపు తిప్పే దుర్యోధన పరాభవానికి ఆ సభే వేదిక. అయినా అప్పటికి మయుడు కథలో లేడు. నిర్మాణం పూర్తయింది, నిర్మాత అవసరం తీరింది. ఇక మరుగుజ్జు సంగతి. నాట్యశాస్త్రం విదూషకుడిని పొట్టివాడిగా, వికృతాకారుడిగా వర్ణించింది. రాజాంతఃపుర పరిచారకుల్లోనూ వామనులు ఉన్నారు. వామనావతారంలోని పొట్టితనం త్రివిక్రమరూపానికి ముందున్న ముసుగు మాత్రమే. శిల్పి వేరు, మరుగుజ్జు వేరు. మన సంప్రదాయంలో ఈ ఇద్దరూ ఒకే దేహంలో కలవలేదు. భూగర్భనిధులను కాపాడే యక్షులు కొంత దగ్గరగా వస్తారు గాని, వారు కాపలాదారులే తప్ప పనివారు కారు.

ఆ కలయిక జరిగింది ఉత్తర ఐరోపా పురాణాల్లో. పదమూడో శతాబ్దిలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ కూర్చిన గద్య ఎడ్డాలో థోర్ దేవుడి సుత్తిని చేసినవారు మరుగుజ్జు సోదరులు. ఒకడు కొలిమితిత్తి ఊదుతుంటే లోకి ఈగరూపంలో వచ్చి అతడి కనురెప్పను కుడతాడు. అతడు ఒక్క క్షణం చెయ్యి తీయడంతో సుత్తి పిడి పొట్టిగా మిగిలిపోతుంది. శిల్పకథలన్నిటిలోనూ ఇది నాకు విలువైనదిగా తోస్తుంది. పని చేస్తున్న దేహం, దానికి కలిగిన నొప్పి, ఆ నొప్పి వస్తువులో మిగిల్చిన గుర్తు మూడూ ఇందులో ఉన్నాయి. టోల్కీన్ 1937లో ‘ద హాబిట్’తో ఈ మరుగుజ్జులను ఆధునిక కాల్పనిక సాహిత్యంలోకి తెచ్చాడు. అక్కడినుంచి వారు బల్లలమీది ఆటల్లోకి, ఆపైన కంప్యూటర్ ఆటల్లోకి వచ్చారు.

‘లీనియేజ్ 2’ మొదట్లో అయిదు జాతులతో వచ్చింది. మనుషులు, ఎల్ఫులు, నల్ల ఎల్ఫులు, ఓర్కులు, మరుగుజ్జులు. ఆట పరిభాషలో ‘క్లాస్’ అంటే పాత్ర ఎంచుకొనే వృత్తిమార్గం. మరుగుజ్జుకు మంత్రవిద్య లేదు. ఇరవయ్యో స్థాయికి చేరాక రెండే దారులు. ఒకటి, చంపిన మృగాల కళేబరాలనుంచి ముడిసరుకు పిండుకొనే సేకర్త దారి. రెండవది ‘ఆర్టిజన్’ దారి. రెండో దారిలో నడిచిన పాత్ర నలభయ్యో స్థాయిలో ‘వార్‌స్మిత్’, డెబ్భైఆరో స్థాయిలో ‘మాస్ట్రో’ అవుతుంది. యుద్ధంలో పనికివచ్చే ఆయుధాలు, కవచాలు తయారుచేయగలిగింది ఈ దారివారే. సాధారణ వస్తువుల తయారీ ఇతరులకూ ఉన్నా, ఆ ప్రపంచంలో ఖడ్గం కావాలంటే మరుగుజ్జు దగ్గరకు రావలసిందే. వృత్తికి జన్మ నిబంధన ఉన్న ఈ ఏర్పాటును చూసి పాశ్చాత్య విమర్శకుడు దీన్ని ఆటల సమతౌల్యానికి సంబంధించిన సాంకేతిక విషయంగా భావించవచ్చు. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే కులవృత్తిగా కనిపిస్తుంది. కనిపించాలి కూడా.

ఆట ఈ జాతికి ఒక పుట్టుకకథ ఇచ్చింది. భూమికి అధిదేవత అయిన మాఫర్ మరుగుజ్జులను సృష్టించిందట. ఇలాంటి కథల పనితీరు మనకు తెలిసిందే. రుంజవారు విశ్వబ్రాహ్మణులకు విశ్వకర్మ పురాణాన్ని, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని వినిపిస్తారు. కావ్యంలో పక్కకు తప్పుకొన్న శిల్పి ఈ కులపురాణాల్లో నాయకుడయ్యాడు. జాంబవుడు సృష్టికన్నా ముందే పుట్టాడు. సమాజం ఇవ్వని పెద్దరికాన్ని కథ ఇస్తుంది. ఆ కథను ఆశ్రితకులం ఏటేటా వచ్చి మళ్ళీ చెబుతుంది, దాత ఎదుట కూర్చుని వింటాడు. లీనియేజ్‌లోని పుట్టుకకథ ఇంత బరువు మోయదు. ఆట మొదట్లో ఒకసారి చెప్పి వదిలేసిన కథ అది. దాన్ని మళ్ళీమళ్ళీ పాడే రుంజవాడు అక్కడ లేడు. ఆటగాళ్ళలో చాలామంది దాన్ని చదవకుండానే దాటిపోతారు.

వారు చదివేది మరొకటి, తయారీ జాబితా. ఏ వస్తువుకు ఏ సరుకు ఎంత కావాలో చెప్పే సూత్రపత్రాలను సంపాదించి మరుగుజ్జు తన పుస్తకంలో చేర్చుకొంటాడు. పై స్థాయి వస్తువుల సూత్రాల్లో చాలావాటికి విజయావకాశం 60 శాతమే. వికటిస్తే సరుకంతా పోతుంది. వారాల తరబడి కూడబెట్టిన సరుకు ఒక్క మీట నొక్కుతో మాయం కావడం ఈ ఆట ఆడినవారందరికీ తెలిసిన విషాదం. గమనించవలసింది ఏమిటంటే ఆ 60 శాతం సూత్రానిది, శిల్పిది కాదు. ఆ సూత్రాన్ని నేర్వగలిగిన స్థాయికి నిన్న వచ్చినవాడికీ, ఏడాదిగా అదే పనిలో ఉన్నవాడికీ అవకాశం సమానమే. సుత్తి ఎత్తడం, ఎర్రబడిన ఇనుము రంగు చూసి వేడి పోల్చుకోవడం వంటివేవీ ఆటగాడి చేతికి రావు. ఎడ్డాలో ఈగ కుట్టిన కనురెప్పకు ఇక్కడ పాచిక వచ్చింది. ఆట శిల్పిని కథ మధ్యలో కూర్చోబెట్టింది గాని, అతడి చేతిని తీసేసింది.

అయినా ఆ కూర్చోబెట్టడం సామాన్యమైన విషయం కాదు. గిరాన్ అనే పట్టణం ఈ ఆటలో పేరున్న బజారు. అక్కడ వరసగా మరుగుజ్జులు నేలమీద కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి తలపైన తాము చేయగలిగిన పనిని తెలిపే చిన్న ప్రకటన. అడిగితే వస్తువుల జాబితా, ఒక్కొక్కదానికి కూలి. సరుకు తెచ్చుకోవలసింది ఖాతాదారుడే. పని వికటిస్తే నష్టమూ అతడిదే. ఆటగాడు రాత్రి కంప్యూటర్ను అలాగే వదిలి నిద్రపోయినా మరుగుజ్జు బజారులో కూర్చునే ఉంటాడు. సరుకు ఒకరిది, చేత మరొకరిది, కూలి చేసిన పని లెక్కన. ఈ పద్ధతి నరసాపురంలో పుట్టినవారికి కొత్త కాదు.

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఈ పట్టణానికీ, చుట్టుపక్కల గ్రామాలకూ లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీల ద్వారా చేరింది. ఏజెంటు దారం ఇస్తాడు. స్త్రీ ఇంటిదగ్గర కూర్చుని సన్నని కొక్కెపు సూదితో అల్లి ఇస్తుంది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. మొత్తం వస్తువు తయారయ్యేసరికి ఎక్కడుంటుందో పువ్వు అల్లిన మనిషికి తెలియదు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ఈ వ్యవస్థకు ప్రామాణిక అధ్యయనం. ప్రపంచ విపణికి సరుకు చేస్తున్న ఈ స్త్రీలు కార్మికులుగా గాక గృహిణులుగానే లెక్కలోకి వచ్చారనీ, వారి శ్రమ తీరికవేళ కాలక్షేపంగా చలామణీ అయిందనీ, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ భావనే ఊతమిచ్చిందనీ మీస్ నిరూపించింది. ఘోషా పాటించే కాపు కుటుంబాల్లో గడప దాటకపోవడం పరువుకు గుర్తు. లేసు ఆ పరువును చెడగొట్టకుండా ఇంట్లోకి కూలిని తెచ్చింది. కూలి అన్న పేరును మాత్రం తేలేదు.

‘తీరిక’ అన్న మాట ఇక్కడ విమర్శకు కీలకం. యూలియన్ క్యూక్లిష్ 2005లో, ఆటలను తమకు తోచినట్టు మార్చి మెరుగుపరిచే ఆటగాళ్ళ జీతంలేని పనిని గురించి రాస్తూ ఆట, శ్రమ అన్న రెండు మాటలను కలిపి ఒక కొత్తమాట కట్టాడు. ఆ తరవాత ఆటల్లోని విసుగుపుట్టే పనులన్నిటికీ ఆ మాటను అంటగట్టడం అలవాటైంది. మరుగుజ్జు పాత్రధారి కూడా దోపిడీకి గురైన శ్రామికుడేనన్న వాదం దాని కొనసాగింపు. ఈ వాదం నాకు అంగీకారం కాదు. మరుగుజ్జు పాత్రధారి తన తీరికను పనిరూపంలో మలచుకొన్నాడు. లేసు అల్లే స్త్రీ పనిని ఇతరులు తీరికరూపంలో మలిచారు. రెండూ ఒకే బొమ్మకు అద్దంలోని ప్రతిబింబాల్లా కనిపించవచ్చు. కాని మొదటివాడు విసుగేస్తే ఆట కట్టేసి లేవగలడు. రెండవ మనిషి సూది పక్కనపెడితే ఇంట్లో ఖర్చు ఆగుతుంది. రెంటినీ ఒకే మాటతో పిలిస్తే నష్టపోయేది లేసు స్త్రీయే. ఒకప్పుడు ‘కాలక్షేపం’ అన్న మాట ఆమెకు ఏ అన్యాయం చేసిందో ఈ కొత్తమాటా అదే చేస్తుంది.

ఆ మరుగుజ్జుకు ఉన్నవి, ఈమెకు లేనివి మూడు. అతడు బజారులో నలుగురికీ కనిపిస్తాడు. ఈమె గడప లోపల ఉంటుంది. కూలి ఎంతో అతడే రాసిపెడతాడు. ఈమె కూలి ఏజెంటుకూ ఎగుమతిదారుకూ మధ్య తేలుతుంది. మూడవది కథ. లేసు ఏ ఒక్క కులానిదీ కాదు, తరతరాల వృత్తీ కాదు. దానికి ఆదిపురుషుడు లేడు. పుట్టుకను పాడే ఆశ్రితకులమూ ఏర్పడలేదు. కులబంధం లేకపోవడం ఒకవిధంగా విముక్తే. అయితే ఆ విముక్తితో పాటు, తక్కిన పనివారికి కులపురాణం ఇచ్చిన గొంతు కూడా లేకుండా పోయింది. చేతిపనిలో ఉన్న వేగం, బిగువు, పదేళ్ళ పిల్ల వేళ్ళకూ అరవయ్యేళ్ళ ముసలమ్మ వేళ్ళకూ మధ్యనున్న తేడా – ఆటలో లేనివన్నీ లేసులో ఉన్నాయి. ఆటలో ఉన్న స్థానం మాత్రం లేదు.

స్త్రీ విషయంలో ఆట కూడా తడబడింది. లీనియేజ్‌లో మగ మరుగుజ్జు గడ్డం పెంచిన ముసలివాడు. ఆడ మరుగుజ్జు చిన్నపిల్ల రూపంలో ఉంటుంది. ఒకే వృత్తి, ఒకే స్థాయి, ఒకే నైపుణ్యం; మగవాడి దేహంలో అది అనుభవంగా కనిపిస్తుంది, ఆడదాని దేహంలో ముద్దుగా కనిపిస్తుంది. మాస్ట్రో స్థాయికి చేరిన స్త్రీ శిల్పి కూడా బొమ్మలపెళ్ళి ఆడే పిల్లలాగే సుత్తి పట్టుకొని పరుగెడుతుంది. పనిచేసే స్త్రీని పనిమనిషిగా చూడటానికి ఇష్టపడని చూపు ఆమెను నరసాపురంలో గృహిణిని చేసింది, ఆటలో పసిపిల్లను చేసింది. ఈ ఆటలపై తెలుగులో విమర్శ రావలసి వస్తే ముందుగా పట్టుకోవలసిన అంశం ఇదని నా అభిప్రాయం.

మిగిలింది పేరు. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో శిల్పి చేసిన ఆయుధంపై వేలు పెడితే వివరాల చివర చేసినవారి పేరు కనిపిస్తుంది. ఆయుధం ఎవరి చేతికి మారినా ఆ పేరు దానితోనే పోతుంది. నరసాపురం ప్రాంతం నుంచి సముద్రాలు దాటిన వస్తువుల చరిత్ర వేరు. పదిహేడో శతాబ్దిలో పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థావరం ఉండేది. అక్కడి నూలుబట్టకు ‘మడపొల్లం’ అన్న పేరు వచ్చి, ఇంగ్లీషు నిఘంటువుల్లో నిలిచిపోయింది. నేసినవారి పేరు ఒక్కటీ దానితో వెళ్ళలేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. నకిలీల నుంచి అది రక్షణ ఇస్తుంది, ఊరి పేరును సరుకుకు కట్టి ఉంచుతుంది. మేజా మీద పరిచిన లేసుగుడ్డను తిరగేసి చూస్తే అతుకుపని చేసిన చోట దారం కాస్త ఒత్తుగా కనిపిస్తుంది. పువ్వులు అల్లినవారి పని ఎక్కడ ముగిసిందో, అతికినవారి పని ఎక్కడ మొదలైందో ఆ ఒత్తును బట్టి చెప్పవచ్చు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పే వీలు ఆ గుడ్డలో లేదు.