తుంగముస్త వాసనలో ఏముంది?

తుంగ పేరెత్తితే రైతుకు ఒళ్లు మండుతుంది. గుంటక తోలినా పోదు. నేలలో గడ్డల గొలుసు తెగి, విడిపోయిన ప్రతి గడ్డా మళ్లీ మొలుస్తుంది. 1977లో లీరాయ్ హోమ్ బృందం ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల లెక్క తీసి, మొదటి స్థానం దీనికే ఇచ్చింది. అదే గడ్డను మన ఇళ్లలో కడిగి, పీచు తీసి, నీడన ఎండబెట్టి, బావంచాలు, కచ్చూరాలతో కలిపి సున్నిపిండికి దంచేవారు. రోట్లో మొదటి పోటు పడగానే మట్టి, కర్పూరం, మిరియం కలిసినట్టు ఒక వాసన లేస్తుంది. నాకు ఆ వాసనంటే ప్రాణం.

ఈ గడ్డ తిండి కూడా. సూడాన్‌లోని అల్ ఖిదాయ్ దగ్గర దొరికిన పాతకాలపు అస్థిపంజరాల పంటి గారను పరీక్షించి, సాగు మొదలుకాక ముందే అక్కడివాళ్లు ఈ గడ్డలు తిన్నారని 2014లో తేల్చారు.

వాసనంతా తైలానిది. వంద కిలోల ఎండు గడ్డలు మరిగించినా సాధారణంగా కిలో తైలం రాదు. అందులోని పదార్థాలు 250 డిగ్రీలకు అటూ ఇటూ మరిగేవే అయినా, నీటి ఆవిరితో కలిసి వంద డిగ్రీల లోపే లేచి వస్తాయి. ఆ తైలాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే, సన్నటి గొట్టంలోంచి ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటపడుతుంది. సైపరీన్, ఆల్ఫా సైపరోన్, సైపరొటండోన్, ముస్తకోన్... అన్నీ పదిహేను కార్బన్ల అణువులే. ముస్తకోన్ నిర్మాణాన్ని 1960లలో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో సుఖ్‌దేవ్ బృందం తేల్చింది. మన ‘ముస్త’ అలా రసాయనశాస్త్రంలో నిలిచిపోయింది.

ఈ తైలంలోనే ఉండే రొటండోన్ కథ ఇంకా వింత. ఈ గడ్డ శాస్త్రీయ నామం నుంచే దానికా పేరు వచ్చింది. మిరియాల ఘాటు వాసనకు మూలం ఇదేనని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు కనిపెట్టారు. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతులు ఎనిమిది ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అయినా వాళ్ల పరీక్షలో అయిదుగురిలో ఒకరికి, ఇచ్చిన అత్యధిక మోతాదులో కూడా ఆ వాసన తెలియలేదు!

తుంగ తైలంలో ఈ పదార్థాల పాళ్లు అన్నిచోట్లా ఒకటి కావు. తైలాన్ని బట్టి జపాన్ శాస్త్రజ్ఞులు తుంగను హెచ్, ఎమ్, ఓ, కె అని రకాలు కట్టారు. ఎమ్ రకంలో ఆల్ఫా సైపరోన్ ముందుంటే, ఓ రకంలో సైపరీన్, సైపరొటండోన్ ముందుంటాయి. దినుసుల కొట్లో కట్టిచ్చే పొట్లం మీద మాత్రం ఊరి పేరుండదు. ఏ నేల గడ్డో తెలియకపోతే సగం సరుకే తెలిసినట్టని నా అభిప్రాయం. పొట్లం మీద ఊరి పేరు వేసేంతవరకు పాత పద్ధతే గతి: గడ్డను విరిచి వాసన చూడటం. కాకపోతే ఒక్కరే చూడకండి, పక్కన ఇంకొకరిచేత కూడా చూపించండి.